వాన వద్దన్న పాట, వాన యాడన్న ఊరు

నేను అనంతపురం వైపు వెళ్ళింది ఊళ్ళు చూడ్డానికి కాదు. ఒక మనిషి పాడిన పాటలో తప్పులు పట్టుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చాక అందరూ లేపాక్షి బసవన్న ఎలా ఉన్నాడు, ధర్మవరం చీర తెచ్చావా అని అడుగుతున్నారు. ఆ సంగతులూ చెబుతాను. కానీ ముందు నా కడుపుమంట గురించి చెప్పకపోతే ఈ ప్రయాణం ఎవరికీ అర్థం కాదు.

మాది అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. ఉద్యోగం బెంగుళూరులో. జపాన్ నుంచి వచ్చే యంత్రాల వెంట ఉండే పుస్తకాలను మనవాళ్ళకు అర్థమయ్యేలా మార్చే పని. ఆ భాష నేర్చుకున్నది మాత్రం ఉద్యోగం కోసం కాదు, ఒక రాక్ బ్యాండు కోసం. నలుగురు మనుషులు, రెండు గిటార్లు, చెవులు దిమ్మెత్తించే డ్రమ్ములు. ఆఖరి రైలు తప్పిపోయినవాడి మీద ఒక పాట, అమ్మ సైకిలు వెనక కూర్చుని బడికి వెళ్ళిన పిల్లవాడి మీద ఒక పాట, అన్నిటికన్నా పేరొచ్చిన వాన పాట. అందులో ఒక కుర్రాడు. రోజుల తరబడి ముసురు, ఉతికిన బట్టలు ఆరవు, చూడాలనుకున్న పిల్ల రైలు దిగదు. విసిగిపోయి "అమె వ యద" అని అరుస్తాడు. అమె అంటే వాన. యద అంటే వద్దు, నాకొద్దు పో అని చిన్నపిల్లలు మారాం చేసే మాట. శ్రావణమాసంలో పొయ్యిలోకి ఎండు కొబ్బరిమట్ట దొరకని ఊళ్ళో పుట్టినవాణ్ణి, ముసురంటే ఏమిటో నాకు వేరే చెప్పాలా? ఆ పాట నా కోసమే కట్టారనుకున్నాను.

వాళ్ళ పాటలన్నీ తెలుగులోకి మార్చాను. వాన పాటనైతే "వాన వద్దు, వద్దే వద్దు" అని, అర్థం పొల్లుపోకుండా, బాణీ చెడకుండా కుదిర్చి, నేనే గిటారు పట్టుకుని పాడి నెట్‌లో పెట్టాను. మా బావమరిది విన్నాడు, అదీ మొహమాటానికి. నేను గిటారు తీస్తే మా ఆవిడ తలుపు దగ్గరగా వేస్తుంది.

ఇటీవల ఆ బ్యాండువాళ్ళు వాన పాటను రకరకాల భాషల్లో అభిమానుల చేత పాడించి ఒక ఆల్బం వేస్తామన్నారు. ఒక్కో భాషకు ఒకే చోటు. నాది పంపాను. వాళ్ళ ఆఫీసు నుంచి ఎంతో మర్యాదగా జవాబొచ్చింది: మీ పాట అందింది, ధన్యవాదాలు. మీ భాషలోనే ఇంకో వీడియో కూడా మా కంటపడింది. మీకు రెండు భాషలూ వచ్చు కనుక, అందులో అర్థం సరిగ్గా ఉందో లేదో దయచేసి చెప్పగలరా?

వీడియో తెరిచాను. ఎర్రటి దుమ్ము, ఊరేగింపు, ట్రాక్టరు మీద మనిషెత్తు స్పీకరు డబ్బాలు, మైకు పట్టుకున్న గళ్ళ లుంగీ మనిషి. "ఆమె యాడ, ఆమె యాడ" అంటూ, ఆమె ఎక్కడని అడుగుతూ గొంతు చించుకుంటున్నాడు. కింద చూసినవాళ్ళ లెక్క కనబడగానే ఫోను బోర్లా పెట్టేశాను. విడపనకల్లు సౌండు సెట్టు దస్తగిరి అని రాసి ఉంది. అర్థం తప్పని బెంగుళూరులో కూర్చుని కూడా రాయొచ్చు. కానీ నా చోటుకు పోటీ వచ్చినవాడి మొహం చూడాలనిపించింది. కుళ్ళు మనిషిని ఇంట్లో కూర్చోనివ్వదు.

చిలమత్తూరు

బస్సు కర్ణాటక దాటి రాళ్ళగుట్టల మధ్యకు వచ్చింది. చిలమత్తూరులో టీ కోసం ఆగాను. మా వైపు టీ కొట్టు అంటే పక్కన కాలవ, కాలవ మీద చెక్క వంతెన ఉంటాయి. ఇక్కడ కొట్టు ముందు వరసగా ఖాళీ ప్లాస్టిక్ బిందెలు ఉన్నాయి, ట్యాంకరు కోసం. టీ మాత్రం చిక్కగా ఉంది, అల్లం దండిగా దంచి వేశారు. గ్లాసు పది రూపాయలు.

కొట్టు నడుపుతున్న పెద్దావిడ ఫోను మోగింది. ఆ డ్రమ్ములు, ఆ గిటారు, వెంటనే దస్తగిరి గొంతు. నా టీ అక్కడే చేదైంది. ఏం పాట అమ్మా అది అని, తెలియనట్టు అడిగాను. జపానోళ్ళ పాట, మనోడు పాడినాడు అంది. అక్కడితో ఆగితే బాగుండేది.

"వాళ్ళు పాడిన దాంట్లో మన అనంతపురం పేరు గూడా చెప్తారప్పా. నేనే చెవులారా విన్నా. మన కరువు ఆ దేశమోళ్ళకు గూడా తెలిసిండాది" అంది.

అసలు పాటలో ఒక చోట "అనత" అని వస్తుంది, నిజమే. ఆ మాటకు అర్థం అనంతపురం కాదమ్మా, "నువ్వు" అని ఓపిగ్గా చెప్పాను. ఆవిడ గరిటె ఆపి, "నేనా?" అంది. మీరు కాదు, ఎదుటి మనిషి అన్నాను. చుట్టూ చూసింది. కొట్టు దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. ఈ మనిషి మీద పాట ఎందుకు కడతారని ఆవిడకు అనుమానం వచ్చినట్టుంది, మళ్ళీ గరిటె తిప్పుకుంది.

ఇన్నేళ్ళలో ఒక్క మనిషి నన్ను ఆ పాటల అర్థం అడగలేదు. ఈవిడేమో అది తన జిల్లా మీద కట్టిన పాటని నమ్మి ఫోనులో పెట్టుకుంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు గానీ, దస్తగిరి మీద రెట్టింపు వచ్చింది.

లేపాక్షి

బసవన్న చాలా పెద్దవాడు. ఫొటోల్లో చూసింది చాలదు. మెడలో గంటలు, గొలుసులు అన్నీ రాతిలోనే, ఇప్పుడే లేచి తల విదిలిస్తాడేమో అన్నంత కళగా ఉన్నాడు. మా లంకల్లో పిల్లలు రుబ్బురోలుకు మించిన రాయి చూడరు, అంతా ఒండ్రుమట్టి. గుడిలో వేలాడే స్తంభం కింద నుంచి జనం తువ్వాళ్ళు దూర్చి ఇవతలికి లాగుతున్నారు. నేనూ చేతిరుమాలు దూర్చాను. అది సగంలో ఇరుక్కుంటే వెనకాలవాళ్ళు నవ్వారు.

ఇక్కడ ఆ పాట ఎక్కడా వినపడలేదు, మనసు కాస్త కుదుటపడింది. బయటికి వచ్చి చూస్తే నా కుడికాలి చెప్పు లేదు. కుక్క ఎత్తుకుపోయిందని కొబ్బరికాయల ఆమె చెప్పింది. ఆ ఎండలో బండల మీద కుంటుకుంటూ వెళ్ళి, నూట యాభై పెట్టి హవాయి చెప్పులు కొన్నాను. మిగతా ప్రయాణమంతా ప్యాంటు చొక్కా మీద నీలం రబ్బరు చెప్పులతోనే తిరిగాను.

ధర్మవరం

హిందూపురం నుంచి రైల్లో ధర్మవరం. మా ఆఫీసులో ఒకాయన ఇచ్చిన గుర్తులతో నారాయణప్ప గారింటికి వెళ్ళాను. పట్టుచీరలు నేసే మనిషి. వీధిలో అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు వినిపించింది. నారాయణప్ప మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని మామిడిపిందెల అంచు నేస్తున్నాడు. పలకతో దారాన్ని దగ్గరికి కొట్టినప్పుడల్లా పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వెళితే, "ఆమె యాడ". పోయిన చోటల్లా వీడేనా అనుకున్నాను.

దస్తగిరి తెలుసా అంటే తెలియకేం అన్నాడు. వాళ్ళ మనవరాలి ఓణీల పండక్కు అతనే వచ్చి పాడాడట. తర్వాత అసలు సంగతి ఆయనే చెప్పాడు. దస్తగిరికి సొంతం ఐదెకరాల నల్లరేగడి ఉంది. వరసగా వానలు తప్పాయి. పంటల్లేకపోతే పెళ్ళిళ్ళు తగ్గుతాయి, పెళ్ళిళ్ళు తగ్గితే సౌండు సెట్టుకు పనుండదు. భార్య ఖాజాబీ బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్ళిపోయింది. మళ్ళీ పంట పండితే వస్తానని చెప్పి వెళ్ళిందట. ఆమె యాడ అంటే ఖాజాబీ యాడ అని. ఇది చుట్టుపక్కల అందరికీ తెలుసట.

ఆవిడ కూడా బెంగుళూరులోనే, నా ఊళ్ళోనే ఉంది. పని దగ్గర చెవుల్లో పెట్టుకుని ఆ పాట వింటుందట. మా ఆవిడ తలుపు గుర్తొచ్చింది. కష్టపడి భాష నేర్చుకున్నది నేను, నిఘంటువులు తిరగేసింది నేను. భార్య వినే పాట మాత్రం అతనిది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

నారాయణప్ప గారి కోడలు ఆకులో వేడివేడి ఓళిగలు పెట్టి నెయ్యి పోసింది. మనం బొబ్బట్లంటామే, అవే, కానీ తమలపాకంత పలచన. మూడు తిన్నాను, కుళ్ళుకు ఆకలి ఎక్కువ. ఆయన మగ్గం మీదున్న చీర ధర చెప్పాక మంచినీళ్ళడిగి తాగాను. మా ఆవిడకు ఒక జాకెట్టు ముక్క కొన్నాను.

విడపనకల్లు

అనంతపురం మీదుగా ఉరవకొండ దాటాక నేల రంగు మారింది. ఎర్రమట్టి పోయి నల్లరేగడి వచ్చింది, అదీ అరచెయ్యి పట్టేంత వెడల్పు బీటలతో. దున్ని పెట్టిన చేలు, విత్తనం లేదు. పక్క సీటు రైతు మాత్రం బళ్ళారిలో కొన్న పత్తివిత్తనాల పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వాన పడలేదు కదా ఎందుకు కొన్నారంటే, పడినరోజు కొందామంటే దొరకవు కదప్పా అన్నాడు.

దిగగానే ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు, అంటే మన మరమరాలకు, తాలింపు పెట్టి, పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ప్లేటు నలభై. మా వైపు మరమరాలు జాతరలో పిల్లలు తింటారు. ఇక్కడ అదే రాజభోగం. బజ్జీలోని మిరపకాయకు నా కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా ఎదురుగా బోర్డు కనబడింది: దస్తగిరి సౌండు, షామియానా.

మనిషి వీడియోలో కన్నా పొట్టి. జబ్బలు లావు, గొంతు బొంగురు. నేను జపాన్ పాటల సంగతి మాట్లాడగానే వాళ్ళే నన్ను పంపించారనుకుని కుర్చీ తుడిచి వేశాడు, సోడా తెప్పించాడు. అది తప్పని నేను చెప్పలేదు. నా పాట సంగతి కూడా చెప్పలేదు. అతనికి వినయం అనేది మచ్చుకైనా లేదు. ఆ జపాన్ వాడికి గొంతుంది గానీ దమ్ము లేదని, తను పాడితే పక్క జిల్లా దాకా వినపడుతుందని అన్నాడు. పాట ఎక్కడ దొరికిందంటే, బళ్ళారిలో పెన్‌డ్రైవ్ నిండా పాటలు ఎక్కించుకుంటే వాటిలో కలిసిపోయి వచ్చిందట. డ్రమ్ములు బాగున్నాయని డబ్బాలు పరీక్ష చేయడానికి పెట్టేవాడట. వినగా వినగా ఒకరోజు అందులో తెలుగు వినపడిందట.

"ఆమె యాడ అని ఒగటే అడుగుతాండాడన్నా వాడు. నా మాదిరే వానికీ పెండ్లాం పోయిందేమో అనుకున్యా. మిగిలిందంతా నేనే కట్టినా" అన్నాడు.

జపనీసు ద మన దకూ డకూ మధ్యలో ఎక్కడో పలుకుతుంది, గాయకుడు అరిస్తే అచ్చం డలాగే ఉంటుంది. అమెను సాగదీస్తే ఆమె, మధ్యలో వ డ్రమ్ముల్లో కలిసిపోతుంది. ఈ పొరపాటు కాకినాడలో జరగదు, మాకు యాడ అనే మాట లేదు, ఎక్కడ అంటాం. అమలాపురంలోనూ జరగదు. ఆ పాటను తెలుగు పాటగా వినగలిగే చెవులు ఈ నేల మీదే ఉన్నాయి. నాకు అది ఆ క్షణంలోనే తెలిసింది, తెలిసి మరింత మండింది. రేపు పక్క ఊళ్ళో పాటుంది రమ్మన్నాడు. అందరి ముందే తప్పు చెబుదామని సరేనన్నాను.

గాడిదల పెండ్లి

పాట దేనికో అక్కడికి వెళ్ళాకే తెలిసింది. వాన కోసం గాడిదలకు పెళ్ళి చేస్తున్నారు. మా వైపు వాన ఎప్పుడు ఆగుతుందా అని చూస్తాం గానీ, రమ్మని పిలిచే ఆచారం నేనెరగను. ఇక్కడ ముందురోజు ముస్లిములు ఊరిబయట నమాజు చేశారట, ఈరోజు పెళ్ళి. ఆడగాడిదకు పసుపుచీర, మగదానికి పంచె, రెండింటికీ బాసికాలు. గాడిదకేం తెలుసు గంధం వాసన అంటారు, ఇక్కడ గాడిదలకే గంధం పూశారు. తాళి కట్టే సమయానికి పెళ్ళికొడుకు గారు మొండికేసి వెనక్కి తిరిగారు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి గాడిదల మీద పోశారు. తాగడానికి దాచుకున్న నీళ్ళలోంచి తెచ్చినవి.

దస్తగిరి ట్రాక్టరెక్కి మైకు అందుకున్నాడు. నేను కింద నిలబడి, గట్టిగానే, నీ పాటలో అర్థం తప్పు అన్నాను. జనం మూగారు. అమె అంటే ఆడమనిషి కాదు, జపాన్‌లో వానను అమె అంటారు అన్నాను. ఇది నా బ్రహ్మాస్త్రం అనుకున్నాను.

అతను మైకు కిందికి దించాడు. మొహం వాడిపోతుందనుకుంటే, చూస్తుండగానే విప్పారింది.

"అంటే వాడు అడుగుతాండేది వాన యాడ అనా?" అన్నాడు.

కాదయ్యా, యద అంటే వద్దు అని, అతను వాన వద్దంటున్నాడు అని అరిచాను. ఊరు ఊరంతా నవ్వింది. గాడిదను పట్టుకున్న పెద్దాయన నవ్వలేదు. నా రబ్బరు చెప్పుల నుంచి పైదాకా చూసి, జాలిగా అన్నాడు: "వాన వద్దనేటోడు ఈ లోకంలో యాడుంటాడప్పా? నువ్వు సరిగ్గా నేర్సుకున్నట్లు ల్యా."

దానికి నా దగ్గర సమాధానం ఉంది. మా ఊరి ముసురు గురించి, మూడుసార్లు నీట మునిగిన మా వంటింటి గురించి చెప్పొచ్చు. బీటలు వారిన ఆ నేలను చూసి, పక్కకు జరిగి గాడిదకు దారిచ్చాను. ఈలోగా దస్తగిరి మొదలుపెట్టాడు. ఒకసారి ఆమె యాడ, ఒకసారి వాన యాడ. రెండూ ఒకే బాణీలో, ఒకదాని వెనక ఒకటి. వానొస్తేనే ఆమె వస్తుంది, కాబట్టి అతనికి రెండూ ఒకటే. ఆడవాళ్ళు ఖాళీ బిందెల మీద తాళం వేస్తూ వాన యాడ అని అందుకున్నారు. రెండేళ్ళ పిల్ల దగ్గర్నుంచి ఆ పెద్దాయన దాకా అందరూ పాడారు. పాటకు అంత మంచి మాట నేనే చేతులారా అందించాను. జీవితంలో నేను ఎవరినీ చూసి అంత ఈర్ష్యపడ్డది లేదు. అతని గొంతుకు కాదు, పేరుకు కాదు. యాడ అని అడగడానికి అతనికి ఏదో ఉంది. నాకు అర్థం మాత్రమే ఉంది.

వాన రాలేదు. ఎండ అలాగే కాసింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ పెట్టారు, తిని బస్సెక్కాను.

మళ్ళీ బెంగుళూరు

ఇంటికి వచ్చి బ్యాండు ఆఫీసుకు జవాబు రాశాను. రెండో వీడియోలో అర్థం పూర్తిగా తప్పు. మీరు వాన వద్దన్న చోట అతను వీడియోలో ఆమె ఎక్కడ అన్నాడు, ఇప్పుడు వాన ఎక్కడ అని కూడా అంటున్నాడు. అక్కడ వానలు లేవు, భార్య వలస పోయింది, ఊరివాళ్ళు ఆ పాటతో వానను పిలుస్తున్నారు. ఇది మీరు రాసిన దానికి సరిగ్గా వ్యతిరేకం. అన్నీ నిజాలే రాశాను. నిజాలతో ఒక మనిషి చోటు లాక్కోవచ్చని నాకు బాగా తెలుసు, అందుకే అంత శ్రద్ధగా రాశాను.

జవాబు రావడానికి కొన్నాళ్ళు పట్టింది. ఈసారి గాయకుడే రాశాడు. మీ పాట వింటే మా పాటే మళ్ళీ విన్నట్టుంది, ఒక్క తప్పూ లేదు అన్నాడు. మేం వద్దని అరిచినదాని కోసం ఎక్కడో ఒక ఊరు ఎదురుచూస్తోందని మాకు ఇన్నాళ్ళూ తెలియదు, తెలుగు పాట ఆయనదే పెడతాం అన్నాడు. చివర ఒక విన్నపం. మాకూ ఆయనకూ మధ్య భాష లేదు, ఈ మాట దయచేసి మీరే చెప్పగలరా?

రెండు రోజులు ఫోను ముట్టుకోలేదు. మూడోరోజు మధ్యాహ్నం చేశాను. విషయం విన్నాక దస్తగిరి వెనకాల మోగుతున్న డబ్బాలు ఆపించాడు. అంతటి గొంతు మనిషి గొంతు తగ్గించాడు. ఖాజాబీకి చెప్పల్ల, అన్నాడు. అప్పుడు నాకెందుకో దాచాలనిపించలేదు, నేనూ ఒకటి పాడి పంపానని, దాన్ని వద్దన్నారని చెప్పేశాను.

అతను నొచ్చుకున్నాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదని తిట్టాడు. నీది ఎట్లుంటాదో ఒకపారి పాడన్నా, నేను వింటా అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను పాడమని అడిగిన మొదటి మనిషి. గిటారు తీయలేదు. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, ఎంతో ప్రేమగా కుదుర్చుకున్న నా మొదటి చరణం అందుకున్నాను. వాన వద్దు, వద్దే వద్దు...

"వద్దన్నా, అట్ల పాడొద్దు" అని అతను కంగారుగా అడ్డుపడ్డాడు. "ఈడ ఇప్పుడే మోడం పట్టిండాది. చినుకు పడేటట్లుండాది."

నేను గబుక్కున నోరు మూసుకున్నాను.